కొసరు ఉప్పు

ఉప్పు తిన్న విశ్వాసం అని పెద్దలు ఒక మాట చెబుతారు. ఆ మాట పుట్టించినవాడు ఉప్పు పెట్టినవాడే అయివుంటాడు గాని తిన్నవాడు మాత్రం అయివుండడు. ఈ సంగతి తెల్లకోనలోని నలభై గడపల జనానికి తెలిసినంతగా భూమ్మీద మరెవరికీ తెలియదు.

బారెడు పొద్దెక్కింది. ఘోషవతీ నది కొండను రెండుగా చీల్చుకుని పారే గండి అంచున పన్నెండు గంగిరెద్దులు నిలబడి ఉన్నాయి. కొమ్ములకు ఇత్తడి కుప్పెలు, మెడల్లో గవ్వల పేర్లు, మూపురాల మీదుగా పాత చీర ముక్కలతో కుట్టిన రంగురంగుల బొంతలు. ఆ బొంతల కింద ఎద్దుకు రెండేసి ఉప్పు బస్తాలు ఉన్నాయని చూసేవాళ్లకు తెలియదు.

ముందు ఎద్దు పక్కన పేరిశెట్టి నిలబడ్డాడు. పైడిపట్నం ఉప్పు వర్తకుల శ్రేణికి ఆయన పెద్దశెట్టి. డెబ్బై ఏళ్లుగా పట్టు ఉత్తరీయం తప్ప ఎరగని మనిషి, ఆవేళ చిరిగిన అంగీ తొడుక్కుని సన్నాయి పట్టుకున్నాడు. ఊదడం చేతకాదు. బుగ్గలు పూరించినప్పుడల్లా తోక తొక్కిన పిల్లిలా ఒక కూత వస్తోంది.

"మాచనా, మా తాతముత్తాతలు స్వర్గంలో తలలు దించుకుంటున్నార్రా," అన్నాడు శెట్టి పళ్ల బిగువున.

"దించుకోనివ్వండి శెట్టిగారూ. అరవై ఏళ్లుగా ఇసుకదారిలో ఎద్దుల్ని, మనుషుల్ని చంపుతుంటే ఎత్తుకునే ఉన్నారు గదా," అన్నాడు మాచన.

మాచన రాజకుమారుడు కాడు. ఇసుకదారిలో దాహంతో చచ్చిపోయిన ఒక బిడారు ఎడ్లకాపరి కొడుకు. వర్తక శ్రేణులకు యోచన చెప్పడం అతని వృత్తి. శ్రేణి బాగుపడాలి, ఆ బాగుపడటంలో దారి పొడుగునా ఉన్న ఊళ్లు కూడా బాగుపడాలి. రెండూ ఒక ఇరుసుకు తగిలించిన చక్రాలనీ, ఒకటి ఊడితే బండి గుంటలోకే పోతుందనీ అతని వాదం. వినేవాళ్లు నవ్వేవాళ్లు. పుణ్యమే కావాలనుకుంటే గుడికి పోతాం, నీ దగ్గరికెందుకు అనేవాళ్లు.

మూడు నెలల కిందట అతను తేనె కోసేవాడి వేషంలో తెల్లకోన చూసొచ్చి, శ్రేణి కొలువులో లేచి నిలబడ్డాడు.

"ఇసుకదారి నలభై రోజులు. కోన మీదుగా పోతే తొమ్మిది. ఆ కోనలో ఉప్పు లేక జనం చస్తున్నారు. వాళ్ల అడవిలో కరక్కాయలు మోకాలెత్తు రాలి కుళ్లిపోతున్నాయి. ఇక్కడ మన అద్దకంవాళ్లు కరక్కాయ కోసం కళ్లలో ఒత్తులు వేసుకుని చూస్తున్నారు. మానిక ఉప్పుకు మానిక కరక్కాయ. వాళ్ల వంతెన మనకు తెరుచుకుంటుంది."

"నలభై గడపలే గదా," అన్నాడు పేరిశెట్టి. "నాలుగు బస్తాలు ధర్మం చేసి చేతులు కడుక్కుందాం. పుణ్యమూ వస్తుంది."

"ధర్మం వద్దు. పుణ్యం కోసం పోయినవాడు ఒక్కసారి పోతాడు శెట్టిగారూ. లాభం కోసం పోయినవాడు ఏటేటా పోతాడు. వాళ్లకు కావలసింది ఏటేటా వచ్చేవాడు."

ధర్మం వద్దనడానికి ఇంకో కారణం ఉంది. అది కోనకు అవతల, కొండ నెత్తిన, ఎండలో ధగధగా మెరుస్తోంది.

ఆ కోట పాలమీగడతో పోతపోసినట్టుంటుంది. మల్లెలు కుప్పపోసినట్టుంటుంది. పొద్దుపొడుపు వేళ గులాబీ రంగు, మధ్యాహ్నం వెండి రంగు తేలుతుంది. దూరాన్నుంచి చూసిన కవులు దాన్ని వెన్నెల ముద్ద అన్నారు. కవులు ఎప్పుడూ దూరాన్నుంచే చూస్తారు. దగ్గరికి పోతే ఆ గోడల్లో కళ్లు, ముక్కులు, సగం తెరిచిన నోళ్లు కనబడతాయి. అవన్నీ ఒకప్పుడు మనుషులు.

ఆ కోట యజమాని క్షారకేతుడనే మాంత్రికుడు. కోనలో ఉన్న ఉప్పుటూటలన్నీ ముందు ఎండగట్టాడు. బయటి ఉప్పు లోపలికి రాకుండా వంతెనకు కాపలా పెట్టాడు. ఆ తర్వాత దాత అయ్యాడు. కుండ పగలగొట్టి దోసిట్లో నీళ్లు పోసేవాణ్ణి లోకం దాత అనే అంటుంది. నెలకొకసారి, పున్నమి నాటి మిట్టమధ్యాహ్నం కోట మీద కొమ్ము మూడుసార్లు ఊదుతారు. జనం కొండెక్కి నాలుక చాస్తారు. దాత తన చేత్తో చిటికెడు ఉప్పు వేస్తాడు. తిన్నవాడు ఆయనకు బంటు. పన్నెండు చిటికెలు తిన్నవాడు ఉప్పుబొమ్మయి గోడలోకి చేరతాడు.

మంత్రం కీలకం ఒక్కటే. ఆ కోన హద్దుల్లో వెల లేకుండా చేతినుంచి చేతికి వచ్చిన ఉప్పు ఎవరిచ్చినా సరే, తిన్నవాడు దాత సొత్తు. తాను వెల ఇచ్చి కొనుక్కున్న ఉప్పుకు మాత్రం ఆ మంత్రం అంటదు. కొన్న ఉప్పు తిని, మూడో కొమ్ము మోగేదాకా కొండెక్కకుండా నిలబడగలిగితే, అంతకుముందు తిన్న చిటికెలన్నీ కరిగిపోతాయి.

ఆవేళ పున్నమి.

"ఎవర్రా మీరు?"

గండి ఇవతల రాతిస్తంభం దగ్గర ఎనిమిదిమంది కాపలావాళ్లు లేచారు. వాళ్ల నాయకుడి కనుబొమలు, ముంజేతులు తెల్లగా పెచ్చు కట్టి ఉన్నాయి. చెయ్యి కదిలిస్తే పొడి రాలుతోంది.

"గంగిరెద్దులోళ్లం బాబయ్యా," అన్నాడు మాచన వంగి. "దాతగారి పేరు విని వచ్చినాం. పిడికెడు పెడితే తిని దీవించిపోతాం."

అడుక్కునేవాడికి ఆ కోన తలుపులు ఎప్పుడూ తెరిచే ఉంటాయి. మూసేది అమ్మేవాడికే.

నాయకుడు ముందు ఎద్దు చుట్టూ తిరిగాడు. "గంగిరెద్దయితే ఆడించు చూద్దాం. కోటవైపు తిరిగి దాతగారికి దండం పెట్టమను."

శెట్టి చేతిలో సన్నాయి జారింది. అది బరువులు మోసే ఎద్దు. దానికి దండమూ తెలియదు, తందానా తెలియదు. నాయకుడి చెయ్యి కత్తి పిడి మీదికి పోయింది.

మాచన తొణకలేదు. ఎద్దు ముందుకు పోయి, చేతికర్రను రెండు చేతులతో అడ్డంగా, దాని కళ్ల ఎత్తున పట్టుకున్నాడు. బండి కట్టేటప్పుడు కాడిని ఎత్తినట్టు ఎత్తాడు. "అయ్యగారికి దండం పెట్టు బసవన్నా!"

పదేళ్లు కాడి మోసిన ఎద్దు, తల దించి మెడ చాచింది.

"ఆహా, ఏం భక్తి!" అన్నాడు నాయకుడు, మెచ్చుకుని.

కాడి అలవాటైన మెడకు వేరే దండం నేర్పక్కర్లేదు. ఆ సంగతి ఆ నాయకుడికి తెలిసి ఉండవలసింది. ఎందుకంటే అతని మెడా అలాంటిదే.

గండికి అడ్డంగా పైన ఒంటి తాడు ఒకటి కట్టి ఉంది. నాయకుడు దాన్ని లాగితే అవతలి ఒడ్డున గంట మోగింది. అక్కడ ఒక ఆడమనిషి పెద్ద కొయ్యచక్రాన్ని రొమ్ముతో నెడుతూ తిప్పసాగింది. లోయలోకి వేలాడుతున్న తాళ్ల వంతెన జర్రున పైకి లేచి, బిగిసి, బాటై నిలిచింది.

ఒక్కొక్క ఎద్దే ఎక్కింది. కింద రెండు తాటిచెట్ల లోతున నది నురగలు కక్కుతోంది. పదకొండు ఎద్దులు దాటాయి. పన్నెండోది నడిమధ్యకు వచ్చేసరికి దాని బొంత పక్కతాడుకు తగులుకుంది. ఎద్దు బెదిరి గుంజుకుంది. బొంత పర్రున చిరిగింది. బస్తా మూల తెగింది. తెల్లటి ధార ఎండలో మెరుస్తూ నదిలోకి జారింది.

"ఉప్పు!" నాయకుడు గావుకేక పెట్టాడు. "బిచ్చగాళ్లు కారు, వర్తకులు! నరకండి!"

ఎనిమిదిమంది పరుగెత్తారు. మొదటి బాణం మాచన చెవి పక్కనుంచి దూసుకుపోయింది. రెండోది తలగుడ్డను ఎగరగొట్టింది. అతను ఎద్దు వెన్ను మీద ఒక్క చరుపు చరిచి ముందుకు తోలి, తాను వెనక్కి తిరిగి స్తంభం వైపు పరుగెత్తాడు. వంతెన ఎక్కబోతున్న నాయకుడి రొమ్ము మీద కర్రతో పొడిచి ఒడ్డు మీదికి పడదోశాడు. నడుములో దాచుకున్న కత్తి దూసి స్తంభానికి కట్టిన మోకుల్లో ఒకదాన్ని నరికాడు. వంతెన పక్కకు ఒరిగింది. ఎద్దు అవతలి ఒడ్డు ఎక్కిందో లేదో చూసుకుని రెండోదాన్ని నరికాడు.

వంతెన మాచనతో సహా గాలిలో ఊగి, అవతలి కొండ చరియను ఫెళ్లున గుద్దుకుంది. కత్తి నదిలో పడింది. అతను మాత్రం పలకల మధ్య మోచేయి ఇరికించి వేలాడాడు. నోట్లో రక్తం ఉమ్మి, నిచ్చెన ఎక్కినట్టు ఒక్కొక్క పలకా పట్టుకుని పైకి వచ్చాడు.

చక్రం దగ్గరున్న ఆడమనిషి చెయ్యి అందించింది. ఆమె పేరు ఈరమ్మ. తేనె కోసేవాడి వేషంలో వచ్చినప్పుడు మాచన ఈ పున్నమికి వస్తానని మాట ఇచ్చింది ఆమెకే. ఆ కోనలో దాత చిటికె తినని మనిషి ఆమె ఒక్కతే. పది నెలలుగా ఆమె నాలుకకు ఉప్పు తగల్లేదు. నిలబడితే కళ్లు తిరుగుతాయి, నడిస్తే పిక్కలు పట్టేస్తాయి. అయినా దాత ఆమెను చక్రం దగ్గరే ఉంచాడు. మొగుడు గుప్పిట్లో ఉంటే పెళ్లాం ఎక్కడికి పోతుందిలే అని.

"సెప్పిన పున్నానికే వచ్చినావు," అంది ఈరమ్మ ఆయాసపడుతూ. "గానీ వొంతెన తెగ్గొట్టినావేటయ్యా? నీ ఎనకాల పెద్ద బిడారు వస్తాదన్నావు గదా?"

"నలభై ఎనిమిది ఎద్దులు. శెట్టిగారి కొడుకు తోలుకొస్తున్నాడు. ఆ సంగతి తర్వాత. నీ పెనిమిటి ఏడీ?"

ఆమె కొండవైపు చూపించింది. కొమ్ము మోగకముందే కొందరు బాట మొదట్లో చేరి, కోటవైపు మెడలు చాచి నిలబడ్డారు. వాళ్లందరికంటే ముందు ఉన్నాడు దుగ్గడు. కోనంతటికీ మంచి కొయ్యపనివాడు. ఆ చక్రం చేసింది అతనే. పదకొండు చిటికెలు తిన్నాడు. చేతులు భుజాలదాకా తెల్లబడ్డాయి. ఆవేళ తినబోయేది పన్నెండోది.

"ఈయేల ఆడు కొండెక్కితే మరి దిగడు," అంది ఈరమ్మ.

చక్రం చుట్టూ ఉన్న కొద్దిపాటి చదునులో బస్తాలు దించారు. పేరిశెట్టి అంగీ విప్పి పారేసి, ఇత్తడి మానిక చేతబట్టి కూర్చున్నాడు. కూర్చోగానే మనిషి మారిపోయాడు. సన్నాయిని జారవిడిచిన చెయ్యి మానిక పట్టేసరికి రాయిలా నిలిచింది.

మాచన ఆయన చెవి దగ్గర వంగాడు. "శెట్టిగారూ, ఎనిమిదోసారి చెబుతున్నాను. కొసరు వద్దు."

"తెలుసునయ్యా."

"కొసరుకు వెల లేదు. వెల లేనిదంతా ఇక్కడ వాడిది."

"నా తక్కెడ మీద ఒట్టేశాను గదా! ఎన్నిసార్లు చెబుతావు?"

ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. పైడిపట్నం ఉప్పు శ్రేణిలో కొలిచి పోశాక పైన చిటికెడు కొసరు వెయ్యకపోతే ఆ కొలత కొలత కాదు. కొసరు వెయ్యనివాడికి పిల్లనివ్వరు. పేరిశెట్టి ఆరో ఏట కొట్టులో కూర్చున్నాడు. అప్పటినుంచి ఆయన కుడిచెయ్యి ఆయన్ని అడక్కుండానే ఆ పని చేస్తోంది.

"అయితే మానిక చేతిలోంచి దించకండి," అన్నాడు మాచన. "చెయ్యి ఖాళీ అయిందా, దాని పని అది చూసుకుంటుంది."

జనం దూరంగానే నిలబడ్డారు. ఒక ముసలమ్మ, సింగమ్మ అంటారు, కరక్కాయల బుట్ట పట్టుకుని ముందుకొచ్చి మళ్లీ ఆగింది.

"దాత బాబు కోప్పడతాడేమో నాయినా. ఇన్నాళ్లూ ఊరికే పెట్టినాడు గదా."

"ఊరికే పెట్టినవాడి ముందు తలెత్తి నిలబడ్డావా అమ్మా ఎప్పుడైనా?" అన్నాడు మాచన. "ఈ శెట్టిని చూడు. నీ బుట్టలో పుచ్చిన కాయ ఉంటే తీసి పారేస్తాడు. నువ్వు ఆయన కొలత తక్కువైతే తిట్టు. ఆయన నీకు దాత కాదు, నువ్వు ఆయనకు బంటువి కాదు. ఇచ్చిపుచ్చుకునేవాళ్లు మీరిద్దరూ."

సింగమ్మ కాసేపు శెట్టిని ఎగాదిగా చూసింది. "మానిక నిండుగా కొలుత్తావా?"

"నిండుగా కొలిచి, గీటు కొట్టి ఇస్తానమ్మా," అన్నాడు శెట్టి.

ఆమె కరక్కాయలు పోసింది. ఆయన ఉప్పు కొలిచాడు. కర్రతో గీటు కొట్టి అంచుకు సమం చేశాడు. ఆమె ఒక రవ్వ నాలుక మీద వేసుకుని కళ్లు మూసుకుంది. చెంపల మీది తెల్లటి పొర పగిలి పొలుసులుగా రాలింది. అది చూసి జనం ఎగబడ్డారు. బుట్టలు, చేటలు, ఒడికట్లు. కరక్కాయల రాశి పెరిగింది. శెట్టి కొలిచాడు, గీటు కొట్టాడు. మానిక దించలేదు.

మొదటి కొమ్ము మోగింది.

కొండంతా దద్దరిల్లింది. కొన్న ఉప్పు తిన్నవాళ్ల కాళ్లు కూడా ఒకసారి అదిరాయి, ఆగాయి. దుగ్గడి కాళ్లు ఆగలేదు. ఈరమ్మ పరుగెత్తి, తూలి పడి, మళ్లీ లేచి అతని నడుం పట్టుకుంది. మాచన ఇంకోవైపు పట్టాడు. ఇద్దరూ అతన్ని చక్రం దగ్గరికి ఈడ్చుకొచ్చారు.

"కొనుక్కోరా!" అంది ఈరమ్మ ఏడుస్తూ.

"నా కాడ ఏటీ నేదే," అన్నాడు దుగ్గడు. గొంతు రాయి మీద రాయి గీసినట్టుంది.

"కరక్కాయలు నేనిత్తాను!"

"వద్దు!" అన్నాడు మాచన. "ఎవరు తింటే వాళ్లే వెల ఇవ్వాలి. నీ చేతిది ఏదైనా సరే దుగ్గన్నా."

రెండో కొమ్ము మోగింది. దుగ్గడు తెల్లబడ్డ చేతులతో తడుముకుని తలగుడ్డ విప్పి ముందుకు చాచాడు. శెట్టి దాన్ని అందుకుని ఎండకు పట్టి చూశాడు. "నేత మంచిదే. మానిక ఉప్పు," అని కొలిచి దోసిట్లో పోశాడు. దుగ్గడు ఆబగా తిన్నాడు. భుజాల మీది పెచ్చులు టపటపా ఊడిపడ్డాయి. కింద నల్లటి చర్మం చెమటతో నిగనిగలాడింది. అతను చుట్టూ చూసి, ఆమెను గుర్తుపట్టి, పిలిచాడు.

"ఈరీ!"

పది నెలల తర్వాత పిలిచిన పిలుపు. ఈరమ్మ అక్కడే కూలబడిపోయింది.

పేరిశెట్టి కళ్లు నిండిపోయాయి. అరవై ఏళ్లుగా ఉప్పు అమ్మాడు, ఉప్పుతో ఒక మనిషి తిరిగి మనిషైన వింత ఎన్నడూ చూడలేదు. కళ్లు తుడుచుకోడానికి ఆయన మానిక కింద పెట్టాడు. తుడుచుకున్న చెయ్యి తిన్నగా బస్తాలోకి పోయింది.

"ఇదిగో నాయనా, కొసరు," అన్నాడు. ఆ మాట కూడా దానంతటదే వచ్చింది.

"శెట్టీ!" మాచన అరిచాడు.

దుగ్గడు నవ్వుతూనే చిటికెడూ నోట్లో వేసుకున్నాడు.

మూడో కొమ్ము మోగింది.

మోగగానే అతని పాదాలు తెల్లబడ్డాయి. ఈసారి పెచ్చు కాదు, లోపలినుంచి బయటిదాకా గడ్డకట్టిన ఉప్పు. మడమలు, పిక్కలు, మోకాళ్లు. నవ్వు ముఖం మీద అలాగే ఉంది. ఏం జరుగుతోందో అతనికి ఇంకా తెలియలేదు.

కోట మీదినుంచి తెల్లటి గాలి ఒకటి సుడి తిరుగుతూ దిగింది. దాని నడుమ క్షారకేతుడు నిలిచాడు. పాలరాతిలాంటి ఒళ్లు, ముత్యాల జటలు, చంద్రకాంతపు పాదుకలు, నుదుట రెప్పలేని మూడో కన్నులా ఒక ఉప్పుపలుకు. ముఖం మాత్రం ఎంతో శాంతంగా, గుళ్లో తీర్థం ఇచ్చే మనిషి ముఖంలా ఉంది.

"కోప్పడ్డానికి రాలేదు," అన్నాడు మెత్తగా. "పెద్దాయనకు దండం పెట్టి పోదామని వచ్చాను. ఊరికే ఇచ్చావు శెట్టీ. దయగల చెయ్యి. ఈ కోనలో ఊరికే ఇచ్చిందంతా నా పేరునే పడుతుంది. పన్నెండోది నీ చేత్తో వేశావు."

పేరిశెట్టి తన కుడిచేతిని, పక్కనున్న రాతిని మార్చి మార్చి చూశాడు. ఆ చేతిని బాదుకునేవాడే, మాచన మణికట్టు పట్టుకున్నాడు.

"దాన్ని విరగ్గొట్టుకుంటే లాభం లేదు. అడగండి!"

"ఏమడగను?"

"వెల! కొసరుకు వెల అడగండి! నడుం దాటలేదు, నోరుంది, ఇంకా బేరం ఆడగలడు!"

"కొసరుకు వెల అడిగిన శెట్టి ఈ భూమ్మీద లేడురా..."

"ఇవాళ ఉంటాడు!"

ఉప్పు తొడలు దాటింది. శెట్టి దుగ్గడి ఎదురుగా మోకాళ్ల మీద కూర్చున్నాడు. తన వంశంలో ఎవరూ అనని మాట అన్నాడు.

"దుగ్గన్నా, ఆ చిటికెడు నేను ఊరికే ఇవ్వలేదు. నాకు దాని వెల కావాలి."

"తలగుడ్డ ఇచ్చీసినాను గదా బాబూ. ఇంకేటుంది?"

శెట్టి కళ్లు చక్రం మీద పడ్డాయి. అరవై ఏళ్ల వర్తకం ఆ ముసలి బుర్రలో ఒక్కసారి మేలుకుంది. "నీ చేతులున్నాయి. నువ్వు చేసిన చక్రం ఉంది. మా పెద్ద బిడారు వస్తోంది. దానికి వంతెన బిగించి దాటిస్తావా?"

దుగ్గడు చక్రాన్ని చూశాడు, ఈరమ్మను చూశాడు. "దాటిత్తాను."

"కుదిరిందా బేరం?"

"కుదిరినాది."

ఇద్దరూ చేతులు కలిపారు. ఉప్పు నడుం దగ్గర ఆగిపోయింది. పైన మనిషి, కింద బొమ్మ. చక్రం చేతికి అందే దూరంలో పాతుకుపోయిన స్తంభంలా నిలబడ్డాడు దుగ్గడు.

క్షారకేతుడు మొదటిసారి ముఖం చిట్లించాడు. "వెల ఒప్పుకుంటే చాలదు, చెల్లాలి. బిడారు దాటాలి. దాటినదాకా వాడి నడుం కింద నాదే." అతను కొండ కొసవైపు తలెత్తాడు. "బేరం మీద నాకు మంత్రం లేదు మాచనా. వాన మీద ఉంది."

మాయమయ్యాడు. పోతూ పోతూ చెయ్యి ఒకసారి విదిలించాడు. నిర్మలంగా ఉన్న నడినెత్తి ఆకాశంలో కాటుక పిట్టంత మబ్బు పుట్టింది. చూస్తుండగానే ఏనుగంతయింది, ఏనుగుల మందయింది. కొండలు నల్లబడ్డాయి. గాలిలో తడిమట్టి వాసన వచ్చింది. ఎండిన నేలకు ఆ వాసన వరం. ఉప్పుకాళ్ల మనిషికి అది చావు కబురు.

సరిగ్గా అప్పుడే గండి అవతలినుంచి ఎద్దుల మువ్వలు వినబడ్డాయి. పెద్ద బిడారు కొండ మలుపు తిరుగుతోంది. దానికీ వీళ్లకూ మధ్య తెగిన వంతెన. అవతలి స్తంభం దగ్గర బాణాలు ఎక్కుపెట్టి ఎనిమిదిమంది. మిగిలిందల్లా పైనున్న గంట తాడు ఒక్కటే, బొటనవేలంత లావు.

మాచన వేలాడుతున్న వంతెన కొసను పైకి లాగించి, దాని మోకు తన నడుముకు చుట్టుకున్నాడు. ఆ మోకును గంట తాడు మీదుగా తీసుకుపోయి అవతలి స్తంభానికి కట్టగలిగితే, చక్రం తిప్పి వంతెన మళ్లీ బిగించవచ్చు.

"తాడు నిన్ను మొయ్యదయ్యా," అంది ఈరమ్మ.

"మొయ్యకపోతే చక్రం తిప్పి నన్నే లాక్కోండి," అన్నాడు మాచన. "శెట్టిగారూ, బొంతలు! దుగ్గన్న మీద పందిరి పట్టించండి!"

పన్నెండు గంగిరెద్దుల బొంతలూ విప్పారు. చుక్కా కారకుండా ఒకదాని మీద ఒకటి పరిచి, నాలుగు మూలలా మనుషులు ఎత్తి పట్టాలి. పట్టడానికి చేతులు చాలవు. శెట్టి జనం వైపు తిరిగి చేతులు జోడించబోయాడు.

ముసలి సింగమ్మ అప్పటికే ఒక కొస పట్టుకుంది. ఎన్నాళ్లనుంచో తలెత్తని మనిషి, శెట్టి ముఖంలోకి సూటిగా చూసింది.

"ఈ కొస పట్టినందుకు మానిక ఉప్పు శెట్టీ. ఊరికే పట్టం."

"రెండు మానికలు ఇస్తాను తల్లీ!"

"ఒకటే. రెండోది కొసరవుద్ది. నాకొద్దు."

ఆ మాట జనంలో నోటినుంచి నోటికి పాకింది. "నాకూ మానికే!" "నేనీ మూల!" "గీటు కొట్టి ఇయ్యాల శెట్టీ!" నలభై గడపల చేతులు లేచాయి. పన్నెండు బొంతల పందిరి దుగ్గడి నెత్తిన లేచి బిగిసింది. ఆ పందిరి కింద దుగ్గడు రెండు చేతులూ చాచి చక్రం పిడి పట్టుకున్నాడు. ఈరమ్మ అతని పక్కన పట్టుకుంది.

మాచన చెప్పులు విడిచి గంట తాడు మీద అడుగుపెట్టాడు. వెనక చక్రం దగ్గర గంట గణగణ మోగింది. ఎనిమిది విండ్లు ఒక్కసారి అతని వైపు తిరిగాయి. మొదటి వానచినుకు వచ్చి నుదుటి మీద పడింది.

అతను తుడుచుకోలేదు. రెండో అడుగు వేశాడు.